పార్క్‌లేన్‌లో ఒక పూట: ఎడిటింగ్ సిస్టమ్ కొనే వేళ

ఆషాఢం. ముహూర్తాలు లేవు. కరీంనగర్‌లో స్టూడియో తాళం వేసి చీకటితోనే బస్సెక్కిన మీరు జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగేసరికి సికింద్రాబాద్‌లో ఎండ ముదురుతోంది. బోనాల నెల కావడంతో వీధి మలుపుల్లో వేపకొమ్మలు కట్టిన పందిళ్ళు కనిపిస్తున్నాయి. మీ వెంట మీ ఎడిటర్ ఉన్నాడు. మీరు తీసే ప్రతి పెళ్ళీ ఆ కుర్రాడి చేతులమీదుగానే బయటికి వెళ్తుంది. అతని వీపున బ్యాగు. అందులో వైశాఖంలో తీసిన ఒక పెళ్ళి ఫుటేజీ ఉన్న పోర్టబుల్ ఎస్ఎస్‌డీ, అదే పెళ్ళి ఆల్బమ్‌లోంచి ల్యాబ్ వాళ్ళు ప్రింటు వేసిచ్చిన ఒక షీటు, లెక్కలు రాసుకున్న నోటు పుస్తకం.

పోయిన సీజన్‌లో పాత సిస్టమ్ చేతులెత్తేసింది. మూడు కెమెరాల ఫుటేజీని ఒక్క టైమ్‌లైన్ మీద పెడితే జీలకర్ర బెల్లం ఘట్టం దగ్గరే ఆగిపోయేది. గట్టిమేళం వినపడుతుండేది, బొమ్మ మాత్రం కదిలేది కాదు. పెళ్ళివాళ్ళు ఫోన్లు చేస్తుంటే రాత్రిళ్ళు మేలుకుని పని లాగించారు. శ్రావణం రాకముందే కొత్త సిస్టమ్ కావాలి.

ఆటో పరేడ్ గ్రౌండ్స్ పక్కనుంచి ప్యారడైజ్ వైపు వచ్చి పార్క్‌లేన్‌లో ఆగింది. ఎదురుగా చెనాయ్ ట్రేడ్ సెంటర్. హైదరాబాద్‌లో కంప్యూటర్ కొనాలన్నా, బాగు చేయించాలన్నా ముందు నోటికొచ్చే పేరు సీటీసీ, అది ఇదే. లోపలికి అడుగుపెట్టగానే అట్టపెట్టెల వాసన, సోల్డరింగ్ వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. ఇరుకు వరండాలకు రెండువైపులా దుకాణాలు. ఒక చోట ల్యాప్‌టాప్ విప్పి బల్ల మీద పరిచారు. మరో చోట గాజు తలుపుల క్యాబినెట్లు ఎరుపు, నీలం, ఊదా రంగుల్లో మెరుస్తున్నాయి. తలమీద పెట్టెలు పెట్టుకున్న కుర్రాళ్ళు "జరగండి, జరగండి" అంటూ మీ భుజాన్ని రాసుకుంటూ పోతున్నారు.

ఒక దుకాణం ముందు ఆగారు. కౌంటర్ వెనకనుంచి పలకరింపు.

"రండన్నా, ఏం కావాలె? గేమింగా, ఆఫీసుకా?"

"ఎడిటింగ్‌కు తమ్మీ. పెళ్ళి వీడియోలు, ఆల్బమ్‌లు."

అతను ఆలోచించకుండానే కొటేషన్ రాసేశాడు. ఐ7-14700ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్ కార్డు, 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ, లైట్లున్న గాజు క్యాబినెట్. "ఇది తీస్కపోండన్నా. మీ అసొంటి స్టూడియోలోళ్ళు శానమంది ఇదే కొంటున్నరు."

కాగితం చేతికి తీసుకోగానే మీకు ముందు ధర కనిపిస్తుంది. మీ ఎడిటర్ వేలు మాత్రం ప్రాసెసర్ పేరు చివరి అక్షరం మీద ఆగింది. "అన్నా, చివర ఎఫ్ ఉంది చూడండి."

ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో లోపలి గ్రాఫిక్స్ ఉండదని అర్థం. కెఎఫ్ ఉన్నా అంతే. ఆటలు ఆడేవాడికి దానివల్ల నష్టం లేదు. విడిగా గ్రాఫిక్ కార్డు పెట్టుకుంటాడు, కొంత డబ్బు మిగుల్చుకుంటాడు. మీకు మాత్రం ఆ లోపలి గ్రాఫిక్స్‌తోనే పని ఉంది. ఎందుకో తెలియాలంటే మీ కెమెరా కార్డులో ఏం రికార్డవుతోందో చూడాలి.

ఎడిటర్ నోటు పుస్తకం తెరిచాడు. మీ మిర్రర్‌లెస్ కెమెరా సెట్టింగు అందులో రాసి ఉంది: 4కె, సెకనుకు 50 ఫ్రేములు, హెచ్.265, 10 బిట్, 4:2:2, సెకనుకు 200 మెగాబిట్లు. ఈ 4:2:2 అన్నదే అసలు సంగతి. వీడియోలో వెలుగునీడల సమాచారం ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది, రంగు సమాచారాన్ని మాత్రం కెమెరా తగ్గించి దాస్తుంది. 4:2:2లో అడ్డంగా సగమే తగ్గిస్తుంది. మామూలు 4:2:0లో అడ్డంగా సగం, నిలువుగా మరో సగం తగ్గి నాలుగో వంతు మిగులుతుంది. పసుపు రాసిన పెళ్ళికూతురి చెంప, పట్టుచీర జరీ అంచు, మధుపర్కాల ఎర్ర గీత లాంటివి రంగులు దిద్దేటప్పుడు చెదరకుండా నిలవడానికి ఆ అదనపు సమాచారం పనికొస్తుంది. మీరు ఆ సెట్టింగు పెట్టుకున్నది అందుకే.

కానీ దాన్ని విప్పి చూపించాల్సింది కంప్యూటర్. హెచ్.265 ఫైలు గట్టిగా కుదించి ఉంటుంది. దాన్ని వేగంగా విప్పడానికి చిప్‌లలో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. ఫోన్లలో, ఓటీటీల్లో అందరూ చూసేది 4:2:0 కనుక చాలా చిప్‌లు దానికే తయారయ్యాయి. ఆర్‌టీఎక్స్ 40 శ్రేణి వరకు ఎన్విడియా కార్డులు 4:2:2ను విప్పలేవు. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణితోనే వాటికి ఆ శక్తి వచ్చింది. ఇంటెల్ తన ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌లో, క్విక్ సింక్ అనే పేరుతో, ఆ పని చాలా ముందునుంచే చేయిస్తోంది. ఎఎండీ రైజెన్ ప్రాసెసర్లు ఎంత బలమైనవైనా వాటి లోపలి గ్రాఫిక్స్ 4:2:2ను విప్పదు. అంటే ఈ కొటేషన్‌లో ఉన్న ఐ7, అందులో ఉన్న 4060 రెండూ మంచి సరుకే. మీ ఫుటేజీని విప్పే భాగం మాత్రం ఆ రెండింటిలోనూ లేదు.

"నమ్మకపోతే ఇక్కడే పెట్టి చూద్దాం" అంటాడు ఎడిటర్.

దుకాణం యజమాని లోపల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. సీజన్ కాదు, రద్దీ లేదు. "పెట్టుకోనియ్" అని తలూపారు. కొటేషన్‌లో రాసినలాంటి సిస్టమ్ ఒకటి డెమోకు ఉంది. ఎడిటర్ తన ఖాతాతో లాగిన్ అయి ప్రీమియర్ ఎక్కిస్తున్నాడు. డౌన్‌లోడ్ గీత మెల్లగా పాకుతుంటే మీరు స్టూలు లాక్కుని కూర్చున్నారు. రోజూ ఏ సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తారో పరీక్ష కూడా అందులోనే చేయాలి. మీరు వాడేది ఎడియస్ అయితే దాని ట్రయల్ ఎక్కించండి. మన దగ్గర చాలా పెళ్ళి స్టూడియోలు ఇప్పటికీ ఎడియస్ మీదే ఉన్నాయి, అది క్విక్ సింక్ మీద బాగా ఆధారపడుతుంది. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తో పరీక్షిస్తే మాత్రం తప్పుడు లెక్క వస్తుంది. విండోస్ మీద హెచ్.265ను హార్డ్‌వేర్ సాయంతో విప్పడం డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది.

పోర్టబుల్ ఎస్ఎస్‌డీ గుచ్చారు. పెళ్ళి తెర మీదికొచ్చింది. ఎడమ కెమెరా, కుడి కెమెరా, ఎదురుగా స్టేజీ కెమెరా. మూడింటినీ మల్టీకామ్‌లో పేర్చి ఎడిటర్ స్పేస్ బార్ నొక్కాడు. బొమ్మ కదిలింది. పంతులుగారి చేయి లేచింది. పెళ్ళికొడుకు జీలకర్ర బెల్లం పెట్టబోతుండగా చేయి గాల్లో ఆగింది. భజంత్రీలు మోగుతూనే ఉన్నాయి. ప్రీమియర్ తెర కింద ఆకుపచ్చగా ఉన్న చిన్న గుర్తు పసుపు రంగుకు మారింది. ఫ్రేములు జారిపోతున్నాయని దాని హెచ్చరిక. ఎడిటర్ టాస్క్ మేనేజర్ తెరిచాడు. ప్రాసెసర్ గీత నూటికి అంటుకుని కదలడం లేదు. గ్రాఫిక్ కార్డు కింద 'వీడియో డీకోడ్' అన్న గీత నేలను విడవలేదు. ఫ్యాన్ల హోరు పెరిగింది.

పక్క బల్ల మీద వేరే గిరాకీ కోసం బిగించిన సిస్టమ్ సిద్ధంగా ఉంది. కోర్ అల్ట్రా 7 265కె. ఇందులో ఎఫ్ లేదు. అదే డ్రైవు, అదే టైమ్‌లైన్, అదే ఘట్టం. జీలకర్ర బెల్లం తలమీద పడింది, అమ్మాయి కళ్ళు వాలాయి, అక్షింతలు రాలాయి. మూడు బొమ్మలూ ఎక్కడా తడబడలేదు. ఈసారి వీడియో డీకోడ్ గీత పైకి లేచింది, ప్రాసెసర్ గీత సగానికి కిందే ఉంది. కౌంటర్ కుర్రాడు వంగి చూస్తున్నాడు. "నాగ్గూడ ఎర్క లేదన్నా" అన్నాడు నిజాయితీగా.

ఈ ఫలితం అందరికీ ఇలాగే రాదు. మీ కెమెరా 8 బిట్ 4:2:0లో తీస్తుంటే మొదటి సిస్టమ్ కూడా నిక్షేపంగా పరిగెత్తేది. ఫోన్ వీడియోలు కట్ చేసే వాళ్ళకు ఈ తేడాయే తెలియదు. ఎవరికి ఏ ప్రాసెసర్ కావాలో వాళ్ళ కెమెరా ఫైలు తేలుస్తుంది. పద్నాలుగో జనరేషన్ ఇంటెల్‌నే తీసుకునేట్టయితే మరో జాగ్రత్త ఉంది. 13, 14 జనరేషన్లలోని పెద్ద ప్రాసెసర్లు వోల్టేజి సమస్యతో దెబ్బతింటున్నాయని 2024లో బయటపడింది. ఇంటెల్ ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. అలాంటి ప్రాసెసర్ కొంటే బయోస్ తాజా వెర్షన్‌కు మార్చాకే వాడటం మొదలుపెట్టాలి.

ప్రాసెసర్ 265కెగా ఖాయమైంది. ఇప్పుడు గ్రాఫిక్ కార్డు. ఎడిటర్ ఒక రా ఫొటో తెరిచాడు. రాత్రి బరాత్‌లో, ఎక్కువ ఐఎస్ఓలో తీసిన ఫొటో, నిండా గింజలు. లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన ఏఐ డీనాయిజ్ నొక్కి, ఎంతసేపు పడుతుందో చూశాడు. ఆ పని భారమంతా గ్రాఫిక్ కార్డు మీదే. రెండు సిస్టమ్‌ల మీదా పట్టిన సమయాలు నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకున్నారు. ఒక పెళ్ళిలో ఇలాంటి ఫొటోలు కొన్ని వందలు ఉంటాయి. ఒక్కో ఫొటో దగ్గర మిగిలే కొన్ని సెకన్లు అక్కడ గంటలవుతాయి. రిజాల్వ్‌లో రంగులు దిద్దడం, నాయిస్ తీయడం కూడా ఇలాగే కార్డును పిండుతాయి. మీ పనిలో ఎక్కువ భాగం కట్ చేసి, పాట వేసి, టైటిల్స్ పెట్టడమే అయితే నడిమి రకం కార్డు చాలు.

కార్డు కొనేటప్పుడు పేరొక్కటే చూసి ఊరుకోకూడదు. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ ఒకే పేరుతో 8 జీబీలోనూ, 16 జీబీలోనూ వస్తుంది. 4కె టైమ్‌లైన్ మీద ఎఫెక్టులు పేర్చినప్పుడు 8 జీబీ నిండిపోతే సాఫ్ట్‌వేర్ నత్తనడక పడుతుంది, లేదా మెమరీ చాలదని ఆగిపోతుంది. "16దే రాయి తమ్మీ" అన్నారు మీరు. అది 50 శ్రేణి కార్డు కనుక 4:2:2ను అదీ విప్పగలదు. ప్రాసెసర్‌లో ఒకటి, కార్డులో ఒకటి, విప్పే భాగాలు రెండయ్యాయి.

ర్యామ్ దగ్గర కుర్రాడు వెనక్కి తగ్గాడు. "16 జీబీ సరిపోతదన్నా. రేట్లు మండుతున్నయ్." అతను చెప్పింది నిజమే. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు తరలిపోవడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. అయినా మీ పని ఎంత అడుగుతుందో లెక్క వేయండి. ఎడిటర్ బ్యాగులోంచి ఆల్బమ్ షీటు తీసి కౌంటర్ మీద పరిచాడు. 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 3,600 పిక్సెల్‌లు ఇటు, 10,800 అటు. దాదాపు 3.9 కోట్ల పిక్సెల్‌లు. ఒక్కో పిక్సెల్‌కు మూడు రంగులు, 8 బిట్‌లో మూడు బైట్లు. ఒక్క పొరకే సుమారు 117 ఎంబీ. బ్యాక్‌గ్రౌండ్, పెద్ద ఫొటో, చిన్న ఫొటోలు, మాస్కులు, పేర్లు అన్నీ పొరలుగా పేరిస్తే ఒక్క షీటే ఒక జీబీ దాటిపోగలదు. ఫొటోషాప్‌లో మూడు షీట్లు తెరిచి ఉండగా పక్కన ప్రీమియర్ ఎక్స్‌పోర్ట్ నడుస్తుంటే 16 జీబీ ఏ మూలకు వస్తుంది? 32 జీబీకి తగ్గొద్దు. అది కూడా 16 జీబీ స్టిక్కులు రెండు తీసుకోండి. జంటగా పెడితేనే డ్యూయల్ ఛానెల్ పనిచేసి వేగం వస్తుంది. రేపు 64కు పెంచుకోవడానికి బోర్డు మీద నాలుగు స్లాట్లు ఉండేట్టు చూసుకోండి.

తర్వాత డిస్కులు. నోటు పుస్తకంలో మరో లెక్క ఉంది. సెకనుకు 200 మెగాబిట్లంటే 25 మెగాబైట్లు. గంటకు 90 జీబీ. మూడు కెమెరాలు మూడేసి గంటలు తిప్పితే 810 జీబీ. కుర్రాడు రాసిన 1 టీబీ ఎస్ఎస్‌డీలో విండోస్, సాఫ్ట్‌వేర్లు పోను ఈ ఒక్క పెళ్ళి పెడితేనే దాదాపు నిండిపోతుంది. హార్డ్ డిస్కు మీదే ఎడిట్ చేద్దామంటే, దాని వేగం సెకనుకు దాదాపు 200 మెగాబైట్లు. మూడు కెమెరాలకు 75 చాలు కదా అనిపిస్తుంది. కానీ మూడు ఫైళ్ళూ డిస్కు మీద మూడు చోట్ల ఉంటాయి. చదివే ముల్లు ఒక చోటినుంచి మరో చోటికి గెంతుతూ ఉండాలి, ఆ గెంతులకే కాలమంతా పోతుంది. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలో ముల్లే లేదు. జెన్ 4 రకాల్లో మంచివి సెకనుకు 7,000 మెగాబైట్ల దాకా చదువుతాయి. పాత సాటా ఎస్ఎస్‌డీ 550 దగ్గర ఆగుతుంది.

మీరు కొటేషన్ మీద కొట్టేసి కొత్తగా రాయించారు. విండోస్‌కు, సాఫ్ట్‌వేర్లకు 1 టీబీ ఎన్‌వీఎంఈ. నడుస్తున్న పెళ్ళిళ్ళకు, క్యాష్ ఫైళ్ళకు 2 టీబీ ఎన్‌వీఎంఈ విడిగా. అయిపోయిన పనులు దాచడానికి పెద్ద హార్డ్ డిస్కులు రెండు. "రెండెందుకన్నా?" అన్నాడు కుర్రాడు. ఒకటి పాడైతే రెండోది ఉండటానికి. ఎస్ఎస్‌డీ పోతే మరొకటి కొనుక్కోవచ్చు. ఆ అమ్మాయి తలంబ్రాలు మళ్ళీ పోయించలేం కదా.

బయట వరండాలో మరో స్టూడియో ఆయన ఆగి మీ మాటలు వింటున్నారు. "మ్యాక్ మినీ చూడకపోయారా అన్నా? చప్పుడు లేదు, కరెంటు తక్కువ" అన్నారు. ఆ మాటలో న్యాయముంది. 2024 చివర్లో వచ్చిన ఎం4 మ్యాక్ మినీ చిన్న డబ్బాలోనే 4:2:2ను హాయిగా విప్పుతుంది, మొదటి మోడల్‌లోనే 16 జీబీ మెమరీ ఇచ్చారు. ఒంటరిగా, ఫైనల్ కట్‌లోనో రిజాల్వ్‌లోనో పనిచేసే వారికి అది చక్కటి దారి. మీకు కుదరని కారణాలు రెండు. ఎడియస్ మ్యాక్ మీద నడవదు, ప్రీమియర్‌కు రాకముందు చేసిన మీ పాత ప్రాజెక్టులన్నీ ఎడియస్‌లోనే ఉన్నాయి. రెండోది, మ్యాక్ మినీలో మెమరీ తర్వాత పెంచుకోవడానికి వీల్లేదు. కొన్న రోజు ఎంత ఉందో చివరిదాకా అంతే.

మానిటర్ కోసం పై అంతస్తుకు ఎక్కారు. గోడ నిండా తెరలు, అన్నిటి మీదా కార్లు, పూలు, సముద్రాలు కళ్ళు చెదిరే రంగుల్లో. కొనేవాడి కన్ను పడాలని వెలుగును పూర్తిగా పెంచి పెట్టారు. ఇక్కడ కంటిని నమ్మకుండా షీటును నమ్మండి. ల్యాబ్‌లో ప్రింటైన షీటు మీ చేతిలో ఉంది, దాని ఫైలు డ్రైవులో ఉంది. మీరడిగిన మానిటర్ మీద ఎడిటర్ ఆ ఫైలు తెరిచాడు. ఎస్ఆర్‌జీబీ మోడ్‌కు మార్చి, వెలుగు బాగా తగ్గించి, షీటును పక్కన పట్టుకున్నాడు.

మొదటి తెర ఆటలకోసం చేసింది. మెరూన్ చీర అందులో నిప్పులా మండుతోంది, ప్రింట్‌లో మాత్రం నెమ్మదిగా ఉంది. పసుపు రాసిన ముఖం నారింజకు తిరిగింది. రెండోది ఫొటో పనికోసం చేసిన 27 అంగుళాల ఐపీఎస్ మానిటర్. ఫ్యాక్టరీలోనే రంగులు సరిచేసి, ఆ పరీక్ష కాగితాన్ని పెట్టెలో పెట్టి ఇచ్చారు. డెల్టా ఇ 2 లోపు అని ఉంది. అసలు రంగుకూ తెర చూపించే రంగుకూ ఉన్న దూరాన్ని ఆ అంకె చెబుతుంది, ఎంత తక్కువైతే అంత మంచిది. ఇందులో చీర, షీటు మీది చీర దగ్గర దగ్గరగా కలిశాయి. పట్టు మడతల నీడల్లో ప్రింట్‌లో కనిపించే గీతలన్నీ తెర మీదా కనిపిస్తున్నాయి.

ఆల్బమ్‌లు నల్లగా వచ్చాయని పెళ్ళివాళ్ళు గొడవపడితే మనం ల్యాబ్‌ను తిడతాం. చాలాసార్లు తప్పు తెర వెలుగులో ఉంటుంది. గది చీకటిగా, తెర దేదీప్యంగా ఉన్నప్పుడు ఫొటో చాలినంత వెలుగుగా ఉన్నట్టే కనిపిస్తుంది. ప్రింట్‌కు సొంత వెలుగు ఉండదు కనుక అది ముదురుగా తేలుతుంది. ప్రింట్ పనికి తెర వెలుగు 100 నుంచి 120 నిట్స్ మధ్య ఉంచాలి. క్యాలిబ్రేటర్ ఒకటి కొనుక్కుని అప్పుడప్పుడూ కొలిస్తే తెర దారి తప్పదు. మీ ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ఫొటోగ్రాఫర్లు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు.

మళ్ళీ కింది దుకాణం. ఇక కంటికి కనపడని సామాను మిగిలింది. క్యాబినెట్‌తో పాటు వచ్చే ఊరూపేరూ లేని ఎస్ఎంపీఎస్ వద్దన్నారు మీరు. ప్రాసెసర్ పూర్తి బరువు మోసినప్పుడు 250 వాట్ల దాకా, గ్రాఫిక్ కార్డు 180, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లకు ఇంకో వంద. కలిపితే 530. దానికి పైన కొంత ఊపిరి ఉండేలా 750 వాట్ల, 80 ప్లస్ గోల్డ్ ముద్ర ఉన్న, పేరున్న కంపెనీది రాయించారు. ఎస్ఎంపీఎస్ పేలితే తనతోపాటు బోర్డునూ డిస్కులనూ తీసుకుపోగలదు. అందుకే కొటేషన్‌లో పొదుపు చేయకూడని వరుస ఇది.

యూపీఎస్ సంగతీ అంతే. పెట్టె మీద 600 విఎ అని ఉంటే అది 360 వాట్లే మోస్తుంది, ఎక్స్‌పోర్ట్ మధ్యలో కరెంటు పోతే సిస్టమ్‌తో పాటు అదీ పడిపోతుంది. 1 కెవిఎ రకాలు చాలావరకు 600 వాట్లు మోస్తాయి. మీ సిస్టమ్‌కు, మానిటర్‌కు కలిపి దానికంటే పెద్దదే, వీలైతే ప్యూర్ సైన్ వేవ్‌ది తీసుకోండి. స్టూడియో ఎర్తింగ్ కూడా పరీక్ష చేయించండి. క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందంటే ఎర్తింగ్ లేదన్నమాట.

కరీంనగర్ మే నెల ఎండను తలుచుకుని క్యాబినెట్ మార్చేశారు. ముందుభాగం గాజు కాకుండా జాలీ ఉన్నది, గాలి ఆడేది, దుమ్ము వడపోత తీసి కడుక్కునేది. కుర్రాడు లైట్ల క్యాబినెట్‌ను కొంచెం దిగులుగా వెనక్కి నెట్టాడు.

బిగించడం మొదలైంది. దూరంగా కూర్చోకుండా దగ్గరికి జరగండి. ప్రాసెసర్ కూర్చోబెట్టేముందు సాకెట్ పిన్నులు ఒక్కసారి చూడండి. సన్నటి పిన్ను ఒక్కటి వంగినా బోర్డు వారంటీ దక్కదు. థర్మల్ పేస్టు, దాని మీద కూలర్. ర్యామ్ స్టిక్కులు రెండో, నాలుగో స్లాట్లలో. ఎస్ఎస్‌డీ హీట్ సింక్ కింద ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడండి. మొదటిసారి పవర్ బటన్ నొక్కి తెర మీద బయోస్ కనిపించగానే మీ ఎడిటర్ కీబోర్డు అందుకున్నాడు. ముందు ఎక్స్ఎంపీ ఆన్ చేశాడు, లేకపోతే మీరు డబ్బు పెట్టి కొన్న వేగమైన ర్యామ్ తక్కువ వేగంతోనే నడుస్తుంది. తర్వాత లోపలి గ్రాఫిక్స్ వరుస. విడి కార్డు బిగించగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను మూసేస్తాయి. ఐజీపీయూ మల్టీ మానిటర్ అన్న వరుసను ఆన్ చేయకపోతే క్విక్ సింక్ నిద్రపోతూనే ఉంటుంది.

విండోస్ లేచింది. జీలకర్ర బెల్లం ఘట్టాన్ని ఇప్పుడు మీ సొంత సిస్టమ్ మీద పెట్టారు. మూడు కెమెరాలూ కలిసి నడిచాయి. తెర కింది గుర్తు ఆకుపచ్చగానే ఉంది. ఎక్స్‌పోర్ట్ ఒకటి పెట్టి అరగంట కదలకుండా కూర్చోండి. వేడి ఎంతదాకా పోతోందో, ఫ్యాన్లు ఎంత అరుస్తున్నాయో ఆ అరగంట చెప్పేస్తుంది. లోపముంటే ఇక్కడే బయటపడాలి, శ్రావణ ముహూర్తాల మధ్యలో కాదు.

"బిల్లు కావాల్నా అన్నా?"

కావాలి. 18 శాతం జీఎస్టీతో, ప్రతి భాగం సీరియల్ నంబరుతో సహా. మీ స్టూడియోకు జీఎస్టీ నంబరుంటే ఆ పన్ను మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా కలిసిరావచ్చు. లేకపోయినా, రేపు కార్డు పోతే సర్వీస్ సెంటర్‌లో ముందు అడిగేది ఆ కాగితమే. ఖాళీ పెట్టెలు కూడా కట్టించుకోండి. బస్సులో తీసుకెళ్ళేటప్పుడు గ్రాఫిక్ కార్డును ఊడదీసి దాని పెట్టెలోనే పెట్టండి. బోర్డు మీద వేలాడే ఆ బరువు రోడ్డు కుదుపులకు స్లాట్‌ను విరిచేయగలదు.

ఎడిటింగ్ సిస్టమ్ కొనబోతున్న ప్రతి ఫొటోగ్రాఫర్‌కూ, ఎడిటర్‌కూ చెప్పేదొక్కటే. ఎవరో కొన్నారని కొనకండి, పెట్టె మీది అంకె పెద్దదని కొనకండి. మీ కెమెరా ఫుటేజీని, మీ ల్యాబ్ ప్రింట్‌ను వెంట తీసుకెళ్ళి, మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌లో మీ కళ్ళముందే నడిపించాకే డబ్బు కట్టండి. పరీక్షకు ఒప్పుకోని దుకాణంనుంచి పక్క దుకాణానికి నడవండి. చేతిలో డబ్బు తక్కువపడితే గ్రాఫిక్ కార్డులో ఒక మెట్టు దిగండి, ఫుటేజీకి తేలికపాటి నకళ్ళు, అంటే ప్రాక్సీలు, చేసుకుని పని నడిపించండి. మానిటర్‌లో, ఎస్ఎంపీఎస్‌లో, రెండో హార్డ్ డిస్కులో మాత్రం దిగొద్దు. ప్రతి పెళ్ళికీ మూడు కాపీలు ఉంచండి, రెండు వేర్వేరు రకాల డిస్కుల మీద, ఒకటి స్టూడియోలో కాకుండా వేరే చోట. సిస్టమ్ ఎంత మంచిదైనా కొన్నేళ్ళకు మారుతుంది, ఆ కుటుంబానికి మీరిచ్చే పెళ్ళి మాత్రం ఒక్కటే.